బరంపురంలో కుట్టించిన సంచి, అండమాన్‌లో పిల్లలతో ఆరు రోజులు

“బిడ్డను ఏ చంకన ఎత్తుకుంటారమ్మా?”

సంచి కుట్టించుకుందామని వెళితే సంచులు కుట్టే ఆయన నన్ను మొదట అడిగిన మాట ఇది. కొలతలు, రంగు, ధర అన్నీ తరువాతే వచ్చాయి. ఎడమ చంకన అన్నాను. “అయితే మీకు ఖాళీగా ఉండేది కుడి చెయ్యి. జేబులన్నీ అటు పెడతాను, జిప్పులు ముందు నుంచి వెనక్కి తెరుచుకునేలా వేస్తాను” అన్నారు. పదకొండేళ్ళుగా ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తున్నాను, ఇద్దరు పిల్లల తల్లిని. అయినా నాకు ఆ ఆలోచనే రాలేదు.

దుకాణం బరంపురం బడాబజారు దగ్గర ఒక సందులో ఉంది. బోర్డు లేదు. ఒక కుట్టుమిషను, గోడకు వేలాడే స్కూలు సంచులు, తెగిన బెల్టుల కుప్ప, అంతే. అరవై దాటిన పెద్దాయన. వచ్చినవారు తెలుగులో అడిగితే తెలుగులో, ఒడియాలో అడిగితే ఒడియాలో బదులిస్తూ చెయ్యి ఆపకుండా కుడుతూనే ఉంటారు. నేను బాబాయిగారూ అని పిలుస్తాను.

ఫిబ్రవరిలో అండమాన్ వెళ్ళాలని అనుకున్నాం. పాపకు అయిదేళ్ళు, బాబుకు ఏడాదిన్నర. భువనేశ్వర్‌లో విమానం ఎక్కి చెన్నై మీదుగా ప్రయాణం. మా టికెట్లకు మనిషికి 15 కిలోల సామాను, చేతిలో 7 కిలోలు. ఇంట్లో ఉన్న చక్రాల పెట్టె ఖాళీగానే దాదాపు నాలుగు కిలోలు తూగింది. పైగా అంతకుముందు పూరీ ఇసుకలో దాని చక్రం ఒకటి ఊడింది. దీవిలో జెట్టీల మీద, ఇసుకలో ఒక చేత్తో పిల్లవాణ్ణి పట్టుకుని దాన్ని ఈడ్చలేనని తేలిపోయింది.

ఆయన కుట్టి ఇచ్చినవి మూడు రకాలు. భుజానికి వేసుకునే పెద్ద సంచి, దానిలో ఇమిడే నాలుగు చిన్న సంచులు, సముద్రం ఒడ్డున వాడుకోవడానికి వలలాంటి నెట్టు గుడ్డతో ఒక సంచి. మొత్తం 1,150 రూపాయలు తీసుకున్నారు. పెద్ద సంచి ఖాళీగా తూస్తే 700 గ్రాములు.

చిన్న సంచులు నాలుగూ నాలుగు రంగులు. నేనైతే పిల్లలవి ఒకదానిలో, పెద్దవాళ్ళవి ఒకదానిలో సర్దేదాన్ని. ఆయన మరోలా చెప్పారు. “ఒక్కొక్క దానిలో ఒక పూటకు ఇద్దరు పిల్లలకూ కావలసిన జత మొత్తం పెట్టుకోండి. తడిసినప్పుడు ఒక్క సంచి లాగితే చాలు.” దాని విలువ శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు వెళ్ళే పడవలో తెలిసింది. ఈ రెండూ మన నోళ్ళలో ఇంకా పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్‌లే. పెద్ద సామాను పడవ ఎక్కేటప్పుడే తీసుకుని వేరే చోట పెట్టేస్తారు, మధ్యలో అందదు. అరగంటకే పాప వాంతి చేసుకుంది, ఆ వెంటనే బాబు కూడా. బాబును ఎడమ చంకన పెట్టుకునే కుడి చేత్తో నా భుజం సంచి జిప్పు తెరిచి, పచ్చ సంచి లాగి, ఇద్దరికీ బట్టలు మార్చాను. విప్పిన బట్టలు అదే సంచిలోకి వెళ్ళాయి. మా ఆయన లేచి వచ్చేలోగా పని అయిపోయింది.

నెట్టు సంచి గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. పిల్లలతో సముద్రానికి వెళ్ళినవారికి తెలుసు, ఇసుక గదిలోకి, మంచం మీదకి, చివరికి పాలసీసా మూతలోకి కూడా చేరుతుంది. ఆడుకునే బకెట్లు, తడి నిక్కర్లు అందులో వేసి నీళ్ళలో రెండుసార్లు ముంచి దులిపితే ఇసుకంతా కిందికి జారిపోతుంది. వెళ్ళే ముందు ఒక ఆదివారం దీన్ని గోపాలపురం ఒడ్డున పరీక్షించాం. అడుగు మూలల్లో ఇసుక కూరుకుపోయింది. తిరిగి తీసుకువెళితే ఆయన మూలలు విప్పి గుండ్రంగా కుట్టారు, డబ్బు తీసుకోలేదు. మీరు ఎక్కడికి వెళ్ళినా సరే, సంచిని మాత్రం ముందు మన గోపాలపురంలో ఒక పూట వాడి చూడండి. ఊరికి దగ్గర్లోనే సముద్రం ఉండి కూడా ఆ పని చేయకపోతే నష్టం మనదే.

తువ్వాళ్ళ సంగతి కూడా ఆయన సలహాయే. మందపాటి తువ్వాళ్ళు నాలుగు మడతపెట్టి చూపిస్తే వద్దన్నారు, ఒడియావాళ్ళు భుజాన వేసుకునే గమ్చాలు తీసుకోమన్నారు. ఆరు తీసుకున్నాను. దీవి గాలిలో తేమ ఎక్కువ, మందపు గుడ్డ రాత్రంతా ఆరేసినా చెమ్మగానే ఉంటుంది. గమ్చా కొద్దిసేపటికే ఆరుతుంది. బాబు నిద్రపోతే దానితోనే ఎండ తగలకుండా నీడ పట్టాను.

కుడివైపు జేబుల్లో నేను పెట్టుకున్నవి కూడా చెబుతాను, కొత్తగా వెళ్ళే తల్లులకు పనికొస్తాయి. పై జేబులో ఓఆర్‌ఎస్, 200 మిల్లీలీటర్ల నీటికి సరిపోయే చిన్న ప్యాకెట్లు. లీటరు ప్యాకెట్టును కొంచెం కొంచెంగా గ్లాసులో కలపకూడదు. మోతాదు తప్పితే మేలు కన్నా కీడు ఎక్కువ, వార్డులో ఆ పొరపాటు ఎన్నోసార్లు చూశాను. పక్కనే జ్వరం మందు, బిడ్డ బరువును బట్టి డాక్టరు రాసిన మోతాదు చీటీతో సహా. కింది జేబులో టార్చి. అండమాన్ మనకు ఎంతో తూర్పున ఉన్నా గడియారం మనదే కాబట్టి ఫిబ్రవరిలో అయిదున్నరకే పొద్దు గూకుతుంది. రాధానగర్ తీరంలో సూర్యాస్తమయం చూసి తిరిగి నడిచేసరికి చీకటి పడిపోయింది. ఆ వేళకే ఇసుక ఈగలు కూడా కుడతాయి, కంటికి సరిగా కనబడవు, దద్దుర్లు మాత్రం రోజుల తరబడి దురద పెడతాయి. పిల్లలకు చీలమండల దాకా వచ్చే పలుచని నూలు పైజామాలు రెండేసి తప్పనిసరిగా పెట్టుకోండి. ఎండకు పూసే క్రీము రెండు గంటలకోసారి మళ్ళీ పూయాలి, కానీ దానికంటే ముందు పొడుగు చేతుల చొక్కా, తాడున్న టోపీ ఉండాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయనివ్వరు. వేయించిన బియ్యం, పెసరపప్పు పొడిచేసిన ఉగ్గు, ఫ్లాస్కులో వేడినీళ్ళు ఉంటే బాబు అన్నానికి ఎవరి కోసమూ ఎదురుచూడక్కరలేదు.

ఇక లోపాలు. సంచి చెప్పిన రోజుకు రాలేదు. అయిదు రోజులు ఆలస్యమైంది, నాలుగుసార్లు తిరిగాను. ప్రయాణం దగ్గర పడుతుంటే ఆ తిరుగుడు కష్టంగానే అనిపించింది, ఆ మాట ఆయనతోనే అన్నాను. భుజం బెల్టు సన్నగా ఉంది, నిండు సంచితో అరగంట నడిస్తే ఒరుసుకుంటుంది. ఉప్పునీటికని పళ్ళు ప్లాస్టిక్‌వి వేసినా జిప్పు రన్నరు ఇనుముదే. నాలుగో రోజుకు తుప్పు మరక కనబడింది, ఆరో రోజుకు బిగుసుకుంది. ఆయన ముందే ఇచ్చిన మైనపు ముక్కతో రుద్దితే కదిలింది.

నీటి విషయంలో మాత్రం ఆయన నన్ను మభ్యపెట్టలేదు. టార్పాలిన్ గుడ్డే కదా, పడవ మీద కూడా వాడవచ్చునా అని అడిగితే “సూది పడిన చోట నీరు దిగుతుందమ్మా. ఫోన్లు, కాగితాలు ఇందులో పెట్టకండి. కుట్టు లేకుండా అతికిన సంచి వేరే కొనుక్కోండి, అది నా దగ్గర ఉండదు” అన్నారు. తన సరుకు అమ్ముకునే మనిషి నోట ఆ మాట వినడం నాకు ఎంతో గౌరవం కలిగించింది. కొనుక్కున్నాను. ఎలిఫెంట్ బీచ్‌లో పడవ దిగేటప్పుడు మోకాలి లోతు నీళ్ళలో అడుగు వేయాల్సి వచ్చింది. ఒక అల వచ్చి అందరినీ తడిపింది. ఫోన్లు, టికెట్లు పొడిగా ఉన్నాయి.

మిగిలిన గుడ్డతో పాపకు చిన్న తాడు సంచి కుట్టి ఇచ్చారు, గవ్వలు ఏరుకోమని. అక్కడి నుంచి గవ్వలు, పగడపు ముక్కలు తీసుకురావడం నిషేధమని, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారని పాపకు ముందే చెప్పాను. రోజూ పగలంతా ఏరి, సాయంత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టి నీటి అంచున వదిలేది. అక్కడ గమ్చాలు ఆరేస్తుంటే గదులు చూసుకునే ఆవిడ తెలుగులో పలకరించింది. వాళ్ళ తాతలది శ్రీకాకుళం వైపట. పాప సంచి చూసి ఎక్కడ కొన్నారని అడిగింది, బరంపురమని చెప్పాను.

తిరిగి వచ్చాక సంచి తీసుకువెళ్ళి రన్నరు చూపించాను. తుప్పు ఎన్నో రోజున మొదలైందని అడిగి తెలుసుకుని, ఇత్తడి రన్నరు వేశారు. ముప్ఫై రూపాయలు తీసుకున్నారు. బెల్టు వెడల్పు చేయమని ఇచ్చి వచ్చాను.

ఆదివారం దుకాణం ఉండదు. ప్రయాణానికి మూడు వారాల ముందే చెప్పండి, వెళ్ళేటప్పుడు పిల్లవాణ్ణి కూడా వెంట తీసుకువెళ్ళండి, ఎత్తుకుని నిలబడితే ఆయన కొలత తీసుకుంటారు.