వాసన ప్యాడ్లు మానేసి ఆరేళ్లు

ముందే చెప్పేస్తున్నాను, ఏ కంపెనీ పేరూ రాయను. నాకు పడనిది ఇంకొకరికి పడొచ్చు. నేను విజయవాడలో ప్రభుత్వ స్కూలు టీచర్‌ని, వయసు నలభై దాటింది. పువ్వుల బొమ్మ ఉన్న సువాసన ప్యాడ్లు నాలుగేళ్లు, వాటితో పాటు ఇంటిమేట్ వాష్ అని కింద కడుక్కోవడానికి అమ్మే సీసా రెండేళ్లు వాడాను. ఇంచుమించు ఆరేళ్లుగా మెన్‌స్ట్రువల్ కప్పు (నెలసరి రక్తం పట్టడానికి లోపల పెట్టుకునే మెత్తని చిన్న గిన్నె) వాడుతున్నాను.

ప్యాడ్ల రోజుల్లో నెలనెలా మూడో రోజుకల్లా తొడల మధ్య ఎర్రగా కందిపోయేది, నడిస్తే మంట. బెజవాడ ఎండ కదా, చెమటకి ఒరుసుకుపోయిందనుకుని పౌడర్ చల్లుకునేదాన్ని. అది చాలదని వాష్ మొదలుపెట్టాను. పొద్దున, సాయంత్రం, లోపలి దాకా. ఏడాది తిరిగేసరికి తెల్లబట్ట, దానికి తోడు నీచు వాసన. ఆ వాసన పోవాలని ఇంకాస్త ఎక్కువ కడగడం!

చివరికి గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్తే, మందు రాసే ముందు ఏమేం వాడుతున్నావని అడిగారు. వాష్ సంగతి చెప్పగానే, "ఇంట్లో పాలు తోడు పెడతావా?" అన్నారు. నాకేం అర్థం కాలేదు. యోని లోపల లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా ఉంటాయట, పెరుగు తోడుకునేవి వాటి చుట్టాలే. అవి లాక్టిక్ యాసిడ్ తయారుచేసి అక్కడి పీహెచ్‌ని 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతాయి. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అంటే దాదాపు పెరుగంత పులుపు. ఆ పులుపే చెడ్డవాటిని పెరగనివ్వదు. మామూలు స్నానం సబ్బు పీహెచ్ 9 పైమాటే. లోపల కడగాల్సిన పనే లేదు, బయట ఉత్త నీళ్లు చాలు అన్నారు. సీసా మీద పీహెచ్ బ్యాలెన్స్‌డ్ అని రాసుంది కదండీ అన్నాను. "అందులో సెంటు కూడా ఉందిగా" అన్నారావిడ.

వాష్, పౌడర్, సువాసన ప్యాడ్ మూడూ ఒకేసారి మానేశాను కాబట్టి ఏది ఎంత పాడుచేసిందో విడదీసి చెప్పలేను. ఇన్ఫెక్షన్ మందులతో తగ్గింది. మంట మాత్రం వాసన లేని ప్యాడ్‌కి మారిన రెండో నెలకే పోయింది.

ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ అనే సంస్థ 2022లో మన దేశంలో అమ్మే 10 రకాల ప్యాడ్లు పరీక్షిస్తే, ఆర్గానిక్ అని అమ్మేవాటితో సహా అన్నింట్లో థాలేట్లు (ప్లాస్టిక్‌ని మెత్తబరిచే రసాయనాలు) కనిపించాయి. ఆ వార్త చూసి నాకూ టెన్షన్ వచ్చింది. రసాయనం దొరికిందంటే జబ్బు వచ్చిందని కాదు, నిజమే. కానీ ఆర్గానిక్ అనే మాట చూసి రెట్టింపు డబ్బు పెట్టడం మాత్రం దండగని ఆ రోజే అర్థమైంది. కప్పుకి ముందు గుడ్డ ప్యాడ్లు కూడా కొన్నాళ్లు చూశాను. మెత్తగా ఉంటాయి, కానీ మా అపార్ట్‌మెంట్ బాల్కనీకి ఎండ రాదు. సరిగా ఆరని గుడ్డ పెట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఇక కప్పు. మొదటి మూడు నెలలూ నరకం. మొదటిసారి బయటికి రాక చెమటలు పట్టాయి. కప్పు కిందుండే తోక పట్టుకుని లాగుతూ కూర్చున్నాను. అలా లాగకూడదు. గొంతుక్కూర్చుని, కప్పు అడుగున వేళ్లతో నొక్కితే లోపలి గాలి పట్టు వదులుతుంది, అప్పుడు మెల్లగా తీయాలి. ఇది తెలిశాక ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. నెలకోసారి నీళ్లలో మరిగించాలి. దానికో గిన్నె విడిగా పెట్టుకుంటే, మా అత్తగారు మూత తీసి చూసి "ఏంటమ్మాయ్ ఇది, ఇడ్లీ పాత్రలో ముక్కా?" అన్నారు. ఒకసారి పొయ్యి మీద మర్చిపోతే నీళ్లన్నీ ఇగిరి కప్పు మాడింది, కొత్తది కొన్నాను. ఇప్పుడు వాడుతున్నది రెండోది.

2024 మే 13న ఎన్నికల డ్యూటీ నాకు నెలసరి రెండో రోజున పడింది. బూత్ బాత్రూం తలుపుకి గడియే లేదు. తెల్లవారుజామున పెట్టుకుని, మళ్లీ సాయంత్రం తీశాను. ప్యాడ్ అయితే ఏడ్చేదాన్నే.

కప్పు లోపల పన్నెండు గంటలు దాటనివ్వను. టాక్సిక్ షాక్ సిండ్రోమ్ (బాక్టీరియా విషం ఒంట్లోకి ఎక్కి ప్రాణం మీదికి తెచ్చే జబ్బు) చాలా అరుదు, అయినా కప్పు ఉండగా ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు వస్తే తీసేసి వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. చేతులు కడుక్కోకుండా ముట్టుకోకూడదు, నీళ్లు సరిగా లేని చోట ఇదొక్కటే నిజమైన కష్టం. కాపర్ టీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు, కప్పు పట్టుకి కాపర్ టీ చోటు తప్పే ప్రమాదం ఉంది.

మా చెల్లికి కాపర్ టీ ఉంది. అడుగు, అడుగు అని ఏడాదిగా చెబుతున్నా అది ఇంకా అడగలేదు. వాసన లేని ప్యాడ్లకి మాత్రం మారింది. దురద తగ్గిందట. నా దగ్గర మిగిలిన సగం సీసా వాష్ అప్పట్లో వాష్‌బేసిన్ దగ్గర పెడితే, మా ఆయన చేతులు కడుక్కుని వాసన బాగుంది, ఇంకోటి తెమ్మన్నారు.