అమాక్సిసిలినా, అజిత్రోమైసినా?

తిరుపతిలో మందుల షాపుకెళ్లి గొంతు నొప్పి అంటే చాలు, ఈ రెండు యాంటీబయాటిక్‌లలో ఒకటి చేతికొస్తుంది. జలుబుతో వచ్చిన నొప్పి మామూలుగా వైరస్ పని, దానికి రెండూ దండగే.

పెన్సిలిన్ కుటుంబానికి చెందిన అమాక్సిసిలిన్ బ్యాక్టీరియాను తన చుట్టూ గోడ కట్టుకోనివ్వదు. లోపలి ఒత్తిడికి అది పగిలిపోతుంది. మన కణాలకు ఆ గోడే లేదు కాబట్టి, పెన్సిలిన్ అలర్జీ లేనివాళ్లకు పెద్దగా భయం లేదు. బ్యాక్టీరియా మాత్రం ఊరుకుంటుందా? చాలా రకాలు బీటా లాక్టమేజ్ అనే ఎంజైముతో మందునే విరగ్గొడతాయి. ఆ ఎంజైమును అడ్డుకోవడానికే క్లావులానిక్ ఆమ్లం కలిపిన మాత్రలు వచ్చాయి. గోడ కట్టే ప్రొటీన్‌నే మార్చేసుకున్న ఎంఆర్ఎస్ఏ అనే మొండి బ్యాక్టీరియా ముందు అవీ పనిచేయవు.

అజిత్రోమైసిన్ గోడ జోలికి పోదు. బ్యాక్టీరియా లోపల ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కు అతుక్కుని ఆ తయారీని ఆపుతుంది. అసలు గోడే లేని మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకు అందుకే ఇది రాస్తారు. ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి కోర్సు 3 నుంచి 5 రోజులే. దీన్ని తప్పించుకోవడానికి బ్యాక్టీరియా రైబోజోమ్‌నే కాస్త మార్చుకుంటుంది, లేదా మందును పంపులతో బయటికి తోసేస్తుంది.

స్ట్రెప్ గొంతు, అంటే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాతో వచ్చిన గొంతు నొప్పి అని డాక్టర్ తేలిస్తే నా ఓటు అమాక్సిసిలిన్‌కే. ఆ బ్యాక్టీరియాలో అజిత్రోమైసిన్‌కు లొంగని రకాలున్నాయి. పెన్సిలిన్ వాడకంలోకి వచ్చి 80 ఏళ్లు దాటినా, ఆ మందుకు మాత్రం ఈ బ్యాక్టీరియా ఇంకా లొంగుతూనే ఉంది.