కొత్త ఈతకొలను కట్టించుకునేవారు క్లోరిన్ బిళ్లల విషయంలో జాగ్రత్తపడండి

శంకర్‌పల్లి సమీపంలోని మా తోటలో ఈ ఏడాది ఫిబ్రవరి మొదటి వారంలో కొత్త ఈతకొలనుకు నీరు నింపాము. మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న మా నాన్నగారు రోజూ కాసేపు నీటిలో నడిస్తే మంచిదని వైద్యులు చెప్పినందువల్లనే ఆ ఖర్చుకు సిద్ధపడ్డాము. మే మొదటి వారానికల్లా ఆ నీరు చెరువు నీటిలా ఆకుపచ్చగా మారింది. మెట్ల మీద పట్టిన పాచిపై నాన్నగారు కాలు జారారు. నేను పక్కనే ఉండబట్టి ప్రమాదం తప్పింది. కొలను కట్టి, ఏడాది నిర్వహణకు సొమ్మంతా ముందే తీసుకున్న కాంట్రాక్టరు వాడించిన మందులోనే లోపం ఉందని తెలుసుకోవడానికి నాకు మరో మూడు వారాలు పట్టింది.

మా కొలను 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు, అంటే సుమారు 33 వేల లీటర్ల నీరు. కాంట్రాక్టరు ఒక బకెట్టు నిండా 200 గ్రాముల క్లోరిన్ బిళ్లలు ఇచ్చి, నీటిపై తేలే డబ్బాలో వారానికి మూడు చొప్పున వేస్తే చాలని చెప్పారు. వారానికొకసారి వచ్చే కుర్రవాడు చిన్న గొట్టంలో నీరు పట్టి, చుక్కలు వేసి, పసుపు రంగు చూపించి, ‘క్లోరిన్ బాగానే ఉంది సార్’ అని చెప్పి వెళ్లేవాడు. అతడు చెప్పినది అబద్ధం కాదు, కానీ ఆ పరీక్ష అసలు సంగతిని చూపదు.

బకెట్టుపై చిన్న అక్షరాలతో ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ ఆమ్లం, 90 శాతం అని ఉంది. ఈ బిళ్ల కరిగినప్పుడు క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ ఆమ్లం కూడా నీటిలో చేరుతుంది. ఎండకు క్లోరిన్ త్వరగా విరిగిపోకుండా కాపాడేది అదే కనుక, లీటరుకు 30 నుంచి 50 మిల్లీగ్రాముల వరకు ఉంటే మేలే చేస్తుంది. అయితే క్లోరిన్ ఖర్చయిపోతుంది కానీ ఇది ఖర్చు కాదు, ఆవిరి కాదు, ఫిల్టరులో ఆగదు. మా కొలనులో ఒక్కో బిళ్ల లీటరు నీటికి సుమారు 5.5 మిల్లీగ్రాముల క్లోరిన్‌ను, దానితో పాటు మూడు మిల్లీగ్రాములకు పైగా ఈ ఆమ్లాన్ని చేరుస్తుంది. వారానికి మూడు బిళ్లలంటే లీటరుకు పది మిల్లీగ్రాముల ఆమ్లం. పదమూడు వారాల లెక్క మీరే వేసుకోండి. అది పెరిగేకొద్దీ క్లోరిన్ దానికే కట్టుబడిపోతుంది, పరీక్షలో కనిపిస్తుంది కానీ పాచిని చంపలేదు. క్లోరిన్ కనీసం ఈ ఆమ్లంలో 7.5 శాతం ఉంటేనే పాచి పట్టదన్నది వాడుకలో ఉన్న లెక్క.

నీరు రంగు మారాక జరిగినది మరింత బాధాకరం. ముందుగా ‘షాక్’ పేరుతో ఒక పొడి వేశారు. డబ్బా చూస్తే అదీ ఆ బిళ్లల పదార్థమే. తరువాత మైలుతుత్తం వేశారు. పాచి రెండు రోజులు వెనక్కు తగ్గినట్టు కనిపించింది కానీ, అందులోని రాగి కొత్త ప్లాస్టరుపై నీలిమచ్చలుగా దిగింది, నాన్నగారి తెల్లజుట్టుకు ఆకుపచ్చ ఛాయ పట్టింది. చివరకు ఫిల్టరు నడుస్తుండగానే పటిక కలిపారు. పటిక వేశాక పంపు ఆపి, మడ్డి అడుగుకు దిగనిచ్చి, దానిని ఫిల్టరులోకి పోనివ్వకుండా నేరుగా బయటికి లాగేయాలి. మా ఇసుక ఫిల్టరులో అది జిగురులా పట్టి, ఇసుక గడ్డలు కట్టింది. ప్రతిసారీ మందులకు వేరే బిల్లు వేశారు.

అప్పుడు నేనే పరీక్ష సామగ్రి తెప్పించుకున్నాను. సయన్యూరిక్ ఆమ్లానికి నీరు తెల్లగా మసకబారి, అడుగున ఉన్న నల్లచుక్క కనిపించకుండా పోయే లోతును బట్టి కొలిచే పరీక్ష ఉంది. ఆ కొలబద్ద లీటరుకు 100 మిల్లీగ్రాముల వద్దే ఆగిపోతుంది కనుక కొలను నీటిలో సగానికి సగం మంచినీరు కలిపి చూశాను. 70 వచ్చింది, అంటే అసలు 140. దానికి మందు లేదు, నీరు మార్చడమొక్కటే దారి. బోరు అడుగంటే మే నెలలో 22 వేల లీటర్లు బయటికి వదలవలసి వచ్చింది. రాగి కలిసిన ఆ నీటిని మామిడి మొక్కలకు పెట్టడానికి మనసొప్పక బీడులోకి మళ్లించాము. కొలనును పూర్తిగా మాత్రం ఖాళీ చేయించలేదు. వానాకాలంలో ఎవరూ ఆ పని చేయకండి, భూమిలోని నీటి ఒత్తిడికి కొలను అడుగు పగలవచ్చు.

ట్యాంకరు నీరు, బోరు నీరు కలిపి నింపాక పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె) 8.1, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) లీటరుకు 240 మిల్లీగ్రాములు ఉన్నాయి. పీహెచ్ తగ్గించే వేరే ఆమ్లాన్ని కొద్దికొద్దిగా, ఎప్పుడూ బకెట్టులోని నీటిలోకే పోస్తూ కలిపి, రెండు రోజులలో పీహెచ్‌ను 7.4కు దించాను. ఆ తరువాతే, సాయంత్రం పూట, 10 శాతం సోడియం హైపోక్లోరైట్ ఆరు లీటర్లు పోశాను. కొవిడ్ రోజులలో పలుచగా కలిపి వీధులలో చల్లినది ఈ ద్రావణమే. ఇందులో సయన్యూరిక్ ఆమ్లం ఉండదు. ఒక్కో లీటరు ద్రావణం మా కొలనులో లీటరు నీటికి సుమారు మూడు మిల్లీగ్రాముల క్లోరిన్ ఇస్తుంది. ఇసుక మార్పించి, గోడలు, మెట్లు రోజూ బ్రష్‌తో రుద్దించి, పంపును రాత్రింబవళ్లు నడిపి, ఫిల్టరులో ఒత్తిడి పెరిగినప్పుడల్లా నీటిని ఎదురు దిశలో పంపి దానిని కడిగించాము. చీకటి పడ్డాక కొలిచిన క్లోరిన్ తెల్లవారేసరికి లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించి తగ్గకపోతే పాచి చచ్చినట్టే. మాకు ఆరో రోజున ఆ స్థితి వచ్చింది. మచ్చలు మాత్రం ఇంకా పోలేదు, కాంట్రాక్టరు తిరిగి ఇస్తానన్న సొమ్మూ రాలేదు.

కనుక ఒప్పందంపై సంతకం చేసే ముందే ఏ క్లోరిన్ వాడతారో పదార్థం పేరుతో రాయించుకోండి. నెలకొకసారి సయన్యూరిక్ ఆమ్లం, పీహెచ్, క్షారత అంకెలు రాసి ఇవ్వాలని, మైలుతుత్తం వాడకూడదని అందులో చేర్చండి. కొలను అప్పగించే రోజున పరీక్ష మీ కళ్ల ముందే చేయించండి. ఏడాది సొమ్ము ముందే ఇవ్వకండి.

మరొక్క విషయం డబ్బుకు సంబంధించినది కాదు. బిళ్లలు అయిపోవచ్చిన రోజున ఆ కుర్రవాడు తడిగా ఉన్న అదే బకెట్టులో బ్లీచింగ్ పౌడర్ పోయబోతుండగా నేను చూసి ఆపాను. ఈ రెండూ కలిస్తే విషవాయువు వెలువడి, మంటలు రేగి పేలిపోయే ప్రమాదం ఉంది. ఆ సంగతి అతడికి ఎవరూ చెప్పలేదట. మీ ఇంటికి వచ్చే పనివారికి దయచేసి ముందుగా ఇది చెప్పండి. రెండింటికీ గరిటెలు, బకెట్లు, ఉంచే చోటు వేరువేరుగా ఏర్పాటు చేయండి.