బోనస్ కోసం కార్డు మీద కార్డు: 8 ఏళ్ల అనుభవం

కొత్త క్రెడిట్ కార్డు తీసుకుంటే బ్యాంకులు ఇచ్చే బోనస్ పాయింట్లతో విమాన టికెట్లు తీసుకోవడం, 2017 ఏప్రిల్‌లో చేజ్ బ్యాంకు వాళ్ల సఫైర్ ప్రిఫర్డ్ కార్డుతో మొదలుపెట్టాను. అప్పట్లో 3 నెలల్లో 4,000 డాలర్లు ఖర్చు పెడితే 50,000 పాయింట్లు ఇచ్చేవాళ్లు, మొదటి ఏడాది ఫీజు లేదు. ఆ తర్వాత నా పేరు మీద 17, మా ఆవిడ పేరు మీద 11 కార్డులు తెరిచాం, సగానికి పైగా మూసేశాం కూడా. ఉండేది డాలస్‌లో, సొంతూరు ఖమ్మం పక్కన. రెండేళ్లకోసారైనా నలుగురం ఇండియా వెళ్లాలి, మధ్యలో అమ్మానాన్న ఇక్కడికి రావాలి. ఈ టికెట్ల ఖర్చే మమ్మల్ని ఇందులోకి దింపింది. ఇది నిజంగా పనిచేస్తుందా అని ఆఫీసులో, గుడి దగ్గర అడుగుతూనే ఉంటారు. పనిచేస్తుంది, కానీ నేను మొదలుపెట్టినప్పుడు దేని కోసం అనుకున్నానో దానికి మాత్రం అంతగా పనికిరాలేదు.

మొదట అనుకున్నది వేసవి సెలవులకి నలుగురం ఉచితంగా వెళ్లొచ్చని. బడి మూసిన వారం, డిసెంబరు చివరి వారం, ఈ రెండింటికీ పాయింట్లతో నాలుగు సీట్లు ఒకే విమానంలో దొరకడం ఈ 8 ఏళ్లలో మాకు ఒక్కసారే జరిగింది. మిగతాసార్లు ఇద్దరం ఒక దారిలో, ఇద్దరం ఇంకో దారిలో, లేదంటే డబ్బులు పెట్టి కొనుక్కున్నాం. పిల్లలున్నవాళ్లు ఇది ముందే తెలుసుకుని దిగడం మంచిది.

అసలు విలువ ఎక్కడ దొరికిందంటే, అమ్మ విషయంలో. అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అంతకుముందు ఎకానమీలో వచ్చినప్పుడు డాలస్‌లో దిగేసరికి పాదాలు వాచి, చెప్పుల్లో పట్టక, వాటిని చేత్తో పట్టుకుని వీల్‌చెయిర్‌లో వచ్చింది. అది చూశాక నేను సిటీ బ్యాంకు వాళ్ల అమెరికన్ ఎయిర్‌లైన్స్ కార్డు ఒకటి, మా ఆవిడ అదే ఎయిర్‌లైన్స్‌కి బార్‌క్లేస్ బ్యాంకు ఇచ్చిన ఏవియేటర్ కార్డు ఒకటి తీసుకున్నాం. రెండోదానికి ఏడాది ఫీజు కట్టి ఒక్కసారి గీకితే చాలు, బోనస్ వచ్చేది. అమెరికన్ మైళ్లతో (ఎయిర్‌లైన్స్ పాయింట్లని మైళ్లంటారు) ఖతర్ విమానం ఎక్కొచ్చు, హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్‌కి బిజినెస్ క్లాస్ ఒక్కొక్కరికి 70,000 మైళ్లు. ఇద్దరికీ కలిపి 1,40,000 మైళ్లు, పైన పన్నులు కొద్దిగా. దోహా నుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు. నాన్న ఒక ఫోటో తీసి పంపారు, సీటు మంచంలా పరిచి ఉంది, అమ్మ తన శాలువా పైన వాళ్ల దుప్పటి కూడా కప్పుకుని నిద్రపోతోంది, కళ్లజోడు పక్కన దీపం దగ్గర పెట్టుకుంది. ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ కనపడగానే నా చూపు ముందు ఆవిడ పాదాల మీదికే వెళ్లింది. వాపు లేదు, చెప్పుల పట్టీ ఎప్పటిలాగే చివరి రంధ్రం దాకా బిగించి ఉంది. "ఏరా, అప్పుడే వచ్చేసిందా?" అంది. ఆ టికెట్లు డబ్బులు పెట్టి కొనే స్తోమత నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

రెండోది అర్ధరాత్రి ఫోన్. ఇక్కడుండే మనవాళ్లందరికీ ఆ భయం ఉంటుంది. 2024 నవంబరులో మామయ్యగారికి గుండెపోటు వచ్చింది. మర్నాటి టికెట్ రానూపోనూ 2,600 డాలర్లు చూపించింది. చేజ్ పాయింట్లు అప్పటికప్పుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మైళ్లుగా మార్చి, వాటితో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సాలో సీటు తీసుకున్నాం (వాళ్లు ఆ ఏడాది జనవరిలోనే హైదరాబాద్‌కి విమానం మొదలుపెట్టారు, మాకు కలిసొచ్చింది). మా ఆవిడ అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో దిగి, తెల్లారేసరికి ఖమ్మం ఆసుపత్రిలో వాళ్ల నాన్న మంచం పక్కన ఉంది. అప్పటి నుంచి ఒక మనిషికి సరిపడా పాయింట్లు ఎప్పుడూ ముట్టుకోకుండా ఉంచుతున్నాం.

రూల్స్ గురించి క్లుప్తంగా. చేజ్ దగ్గర 5/24 అని ఒకటుంది, గత 24 నెలల్లో ఏ బ్యాంకువైనా 5 కార్డులు తెరిచి ఉంటే ఇవ్వరు. కాబట్టి ముందు వాళ్లవే తీసుకోవాలి. మా ఆవిడ కార్డు మీద నన్ను అదనపు యూజర్‌గా పెడితే అది కూడా నా లెక్కలోకే వచ్చింది, ఇది చాలామందికి తెలియదు. అమెక్స్‌లో (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) ఒక్కో కార్డు బోనస్ మామూలుగా జీవితంలో ఒక్కసారే. ఖర్చు పెట్టాల్సిన గడువు కార్డు చేతికొచ్చిన రోజు నుంచి కాదు, అప్రూవ్ అయిన రోజు నుంచి. ఏడాది ఫీజు ఆ ఖర్చులోకి రాదు. ఏడాది నిండకుండా కార్డు మూయొద్దు, నిండాక వీలైతే ఫీజు లేని కార్డుగా మార్పించుకోండి. ఎక్సెల్‌లో తెరిచిన తేదీ, గడువు, ఫీజు తేదీ రాసుకుని ప్రతి ఆదివారం ఒకసారి చూసుకుంటాను. ఆ గంట సేపు లేనివాళ్లు రెండు కార్డులతో ఆగిపోతే నయం.

నష్టాలూ ఉన్నాయి. 2019లో ఒక ఎయిర్‌లైన్స్‌కి 1,10,000 పాయింట్లు మార్చాను, అవి చేరడానికి రెండు రోజులు పట్టింది, ఈలోగా చూసిన సీటు పోయింది. ఒకసారి మారిస్తే వెనక్కి రావు. తర్వాత వాళ్లు రేట్లు పెంచేశారు, చివరికి సగం విలువకి వాడాను. సీటు కళ్ల ముందు ఉండి, పాయింట్లు వెంటనే చేరతాయని తెలిస్తే తప్ప ఇప్పుడు మార్చను. 2021లో ఇల్లు కొనేటప్పుడు ఇంకా టెన్షన్ పడ్డాం. అంతకుముందు 8 నెలల్లో ఇద్దరం కలిసి 6 కార్డులు తీసుకున్నాం, నా క్రెడిట్ స్కోరు 790 నుంచి 748కి దిగింది, లోన్ ఇచ్చేవాళ్లు ఒక్కో ఎంక్వయిరీకి ఎందుకు అప్లై చేశారో ఉత్తరం రాసివ్వమన్నారు. లోన్ వచ్చింది కానీ మా ఆవిడ రెండు వారాలు సరిగ్గా నిద్రపోలేదు, ఆ తప్పు నాది. ఇల్లు కొనే ఆలోచన ఉంటే కనీసం ఏడాది ముందే ఆపేయండి.

ఇంకో మాట గట్టిగానే చెబుతాను. నెల నెలా బిల్లు పూర్తిగా కట్టలేని వాళ్లు దీని జోలికి రావొద్దు. వడ్డీ 20 శాతం పైనే ఉంటుంది, రెండు మూడు నెలలు బాకీ పెడితే బోనస్ విలువ కరగడం మొదలవుతుంది. ఎంఎస్ అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లు నన్ను చూసి ఒకేసారి మూడు నాలుగు కార్డులకి అప్లై చేస్తామంటారు. ముందు ఒక మామూలు కార్డు ఏడాది వాడండి, ఆటోపే పెట్టుకోండి. గిఫ్ట్ కార్డులు కొని ఖర్చు చూపించే దారి వద్దు, తెలిసినతను ఒకతను అలా చేస్తే బ్యాంకు అతని ఖాతాలన్నీ మూసేసింది, పాయింట్లు కూడా పోయాయి. మేం ఇన్సూరెన్స్, పిల్లల ఫీజులు, ఇండియా బజార్ సరుకులు, ఇలా ఎలాగూ పెట్టే ఖర్చుతోనే గడువు పూర్తి చేస్తాం. పెద్ద ఖర్చు లేని నెలల్లో కొత్త కార్డు తీసుకోం.

ఇప్పుడు నా దగ్గర 5 కార్డులు ఉన్నాయి, లెక్క 4/24. వచ్చే ఫిబ్రవరిలో అమ్మానాన్న మళ్లీ రావాలి. మైళ్లు సిద్ధంగానే ఉన్నాయి కానీ 70,000కి వచ్చే సీట్లు మునుపటిలా దొరకట్లేదు. రోజూ పొద్దున 5 గంటలకి లేచి చూస్తున్నాను. మొన్న అమ్మకి దొరికింది, బుక్ చేసేశాను. అదే విమానంలో నాన్నకి సీటు ఇంకా కనపడలేదు.