రొయ్యల చెరువు అమ్మోనియా కిట్: మూడు పంటలు వాడాక

నాన్నకి ఆకివీడు దగ్గర రెండెకరాల వనామీ రొయ్యల చెరువుంది. నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో, కరెంటుతో అమ్మోనియా పుట్టించే పని మీద నాలుగేళ్లుగా కూర్చున్నాను. ఆయన చెరువులో అది పోతే చాలని, దాన్ని పీల్చుకునే జియోలైట్ పొడి చల్లుతాడు, నేను అది పుడితే చాలని రాత్రుళ్లు మేలుకుంటాను. "నీ మిషను మాత్రం మన చెరువు కాడికి తేకురా, ఇక్కడున్నదే ఎక్కువ" అంటాడు.

కిట్ భీమవరంలో ఆక్వా మందుల షాపులో కొన్నాను. పెట్టెలో రెండు చుక్కల సీసాలు, చిన్న పొడి డబ్బా, గాజు గొట్టం, రంగుల కార్డు. 5 మి.లీ. చెరువు నీటిలో వరసగా కలిపి పది నిమిషాలు ఆగాలి. పసుపుగానే ఉంటే సున్నా, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ప్రమాదం. ఇది శాలిసిలేట్ పద్ధతి. మా ల్యాబ్‌లో వాడేదీ దీని అన్నదమ్ముల వరసే, అక్కడ అమ్మోనియా ఉంటే నీలం వస్తుంది. పక్కనే ఇంకో రకం ఉంది, నెస్లర్ కిట్, ఒక చుక్కతో పసుపు రంగు వచ్చేస్తుంది. అందులో పాదరసం ఉంటుంది, పైగా ఉప్పునీటిలోని మెగ్నీషియం, కాల్షియంతో మసకబారిపోతుంది. మన ప్రాంతంలో ఉప్పు తగిలే చెరువులకి అది వద్దు.

ఇక కొలత సంగతి. కార్డులో సున్నా తర్వాత మొదటి గడి 0.25 పీపీఎం, అంటే లీటరుకి పావు మిల్లీగ్రాము. మా ప్రయోగాల్లో మంచి రోజున వచ్చే అమ్మోనియా ఆ గడిని కూడా చేరదు. నాన్న చెరువులో మాత్రం నాలుగడుగుల నీరుంటే, ఎకరానికి 1 పీపీఎం అంటే దాదాపు 5 కిలోల నైట్రోజన్! మేతలో ఉన్న నైట్రోజన్‌లో పావు వంతు అటూ ఇటూగా రొయ్య ఒంటికి పడుతుంది, మిగతాది నీళ్లలోకే. ఆ మేత కోసం పండించిన సోయా, మొక్కజొన్నల వెనక ఎరువుల ఫ్యాక్టరీ ఉంటుంది. అక్కడ నైట్రోజన్‌ని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేసేది 1913లో జర్మనీలోని ఒపావులో మొదలైన పద్ధతిలోనే, ఇప్పటికీ: ఇనుము ఉత్ప్రేరకం, 400 నుంచి 500 డిగ్రీల వేడి, మామూలు గాలి పీడనానికి వంద రెట్లు దాటిన పీడనం, సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్. కాకినాడలో పాత నాగార్జున ఎరువుల ఫ్యాక్టరీ దగ్గర ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా తీస్తామంటున్నారు. అక్కడ కరెంటు నీటిని చీల్చి హైడ్రోజన్ ఇస్తుంది, ఆ తర్వాత దారి పాతదే. మాలాంటివాళ్లం ఆ వేడీ పీడనం లేకుండా, గది ఉష్ణోగ్రతలోనే లిథియంతో నైట్రోజన్‌ని విరగ్గొట్టాలని చూస్తున్నాం. విరుగుతుంది, కానీ లిథియం లోహాన్ని మళ్లీ మళ్లీ పుట్టించడానికే కరెంటంతా తినేస్తుంది.

కిట్‌తో వచ్చిన కాగితంలో రాయనిది ఒకటి, ల్యాబ్‌లో తన్నులు తిని నేర్చుకున్నాను. రెండో ఏడాదిలో నా ద్రావణం చక్కగా నీలంగా మారింది. మూడు నెలలు కాలు నేల మీద నిలవలేదు. తర్వాత నైట్రోజన్ బదులు, అమ్మోనియా పుట్టించలేని ఆర్గాన్ వాయువు పంపాం. అదే నీలం! అమ్మోనియా నా ఉత్ప్రేరకంలోంచి కాదు, మేం కరెంటు పంపే సెల్ మధ్య పెట్టిన పొరలోంచి వచ్చింది. ఆ పొర గాలిలోంచీ చేతి తొడుగుల్లోంచీ అమ్మోనియాని పీల్చుకుని దాచుకుంటుంది. కాబట్టి కిట్ తెరవగానే ముందు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి చేయండి. పసుపు రాకపోతే గొట్టం సరిగా కడగలేదు, లేదా మందు పాడైంది. మా రెండో పంటలో గొట్టం కడగకుండా చేసి, లేని అమ్మోనియాకి బస్తాల కొద్దీ జియోలైట్ చల్లించాను. ఆ ఖర్చు నాన్న ఇప్పటికీ ఎత్తుతాడు.

కిట్‌లో అసలు లోటు వేరే ఉంది. ఇది మొత్తం అమ్మోనియాని చూపిస్తుంది, రొయ్యని చంపేది అందులో వాయురూపంలో ఉన్న భాగం. 30 డిగ్రీల దగ్గర, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 8 అయితే ఆ భాగం నూటికి 7, 8. పీహెచ్ 9 అయితే 40 దాటిపోతుంది. అంటే కార్డులో అదే ఆకుపచ్చ, తెల్లవారుజామున ఫర్వాలేదు, మధ్యాహ్నం మూడింటికి నాచు పీహెచ్‌ని పైకి లాగాక గండం. పీహెచ్ చూసే సీసా కూడా పెట్టెలో పెట్టాల్సింది, పెట్టలేదు. విడిగా కొనుక్కోండి, మధ్యాహ్నం కూడా ఒకసారి చూడండి. సున్నం కూడా పీహెచ్‌ని పెంచేదే, అది చల్లే ముందు మాత్రం తప్పకుండా చూడండి.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి కోసింది కార్డుకి. నాన్న దాన్ని మోటారు షెడ్డు బయట మేకుకి తగిలించాడు, ఎండకి 1కీ 2కీ తేడా పోయింది. కార్డు ఒక్కటీ విడిగా అమ్మరట, పెట్టె మొత్తం కొనాలట.