సెయిరానా, షిండెనా: ముందు ఏది చేయాలి?

రెండో ప్రపంచయుద్ధపు జపాన్ విమానం జీరోను ప్లాస్టిక్ కిట్‌తో మోడల్‌గా ఒకటి రెండుసార్లు చేశాక, జపాన్ నౌకాదళంలో పెద్దగా ఎవరికీ తెలియని విమానాల మీదికి మనసు పోతుంది. అప్పుడు చాలామందిని ఊగిసలాటలో పడేసేవి ఐచి సెయిరాన్, క్యూషు షిండెన్. 1/48 స్కేలులో (అంటే అసలు కొలతల్లో 48వ వంతు) మొదటిది తమియా కిట్, రెండోది హసెగావా కిట్. పూర్తయ్యాక రెక్కల కొస నుంచి కొసకు మొదటిది పాతిక సెంటీమీటర్లు, రెండోది 23. అలమారలో రెండిటికీ ఒకే చోటు చాలు.

షిండెన్ చూపు తిప్పుకోనివ్వదు. ముక్కు దగ్గర బుల్లి రెక్కలు, వెనకవైపు ఇంజను, దానికి ఆరు రెక్కల ప్రొపెల్లర్. చిక్కంతా అక్కడే. బరువు వెనక్కి లాగుతుంది కాబట్టి, ఒంటి భాగాలు రెండూ అతికించకముందే గాలానికి కట్టే సీసపు గుళ్లు ముక్కులో నింపాలి. చక్రాలు తగిలించి, అన్నిటినీ టేపుతో కలిపి నిలబెట్టి చూశాకే గమ్ రాయండి. నిలువు తోకల అడుగున ఉండే చిన్న చక్రాలను మాత్రం మరవొద్దు. మొదట ఎగరబోయినప్పుడు ప్రొపెల్లర్ కొసలు నేలకు తగిలి దెబ్బతింటే, ఆ తర్వాత పెట్టినవి అవి. 1945 ఆగస్టు 3న తొలిసారి గాలిలోకి లేచిన ఈ విమానం, మొత్తం మూడు విడతల్లో ముప్పావు గంట ఎగిరింది. అందుకే దీని మీద రంగు ఊడినట్టు, మసి పట్టినట్టు చూపిస్తే నాకు మింగుడుపడదు.

సెయిరాన్ కథే వేరు. ఐ-400 తరగతి జలాంతర్గామిలో, మూడున్నర మీటర్ల వ్యాసమున్న గొట్టంలో మూడేసి విమానాలు దాచాలి. రెక్కల పొడవు చూస్తే 12 మీటర్ల పైనే. అందుకని రెక్కలు ఒంటికి అతికే చోటనే మెలితిరిగి, వెనక్కి మడుచుకుని ఒంటికి ఆనుకునేవి. తోక కొసలు కూడా మడతే. పనామా కాలువ గేట్లు పగలగొట్టడానికి పుట్టిన విమానం, చివరికి పసిఫిక్‌లో అమెరికా నౌకాదళ స్థావరం ఉలితి మీద దాడికి బయలుదేరింది. దారిలోనే జపాన్ లొంగిపోయింది, విమానాలను సముద్రంలో పడేశారు.

పనిలో కష్టపెట్టేవి నీటి మీద దిగడానికి చక్రాల బదులు ఉండే, పడవల్లాంటి రెండు ఫ్లోట్లు. ముందు నుంచి చూస్తే రెండూ సమానంగా ఉండాలి, కాళ్లు అతికించి రాత్రంతా కదపకుండా వదిలేయాలి. పొడవాటి అద్దం మూతకు రంగు అంటకుండా అతికించే మాస్కింగ్ టేపు కోయడానికి ఓ సాయంత్రం పోతుంది. కానీ చక్రాల గూళ్ల తలనొప్పి లేదు, ముక్కులో సీసం అక్కర్లేదు. ఉప్పునీటి మరకలు వేసినా అన్యాయం కాదు.

నేనైతే సెయిరానే ముందు చేయమంటాను. మిగిలిన ఒకే ఒక్క సెయిరాన్‌ను అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్లు పూర్తిగా బాగుచేసి, వర్జీనియాలోని ఉద్వార్-హేజీ కేంద్రంలో నిలబెట్టారు. ఫొటోలు పక్కన పెట్టుకుని ప్రతి గీతా సరిచూసుకోవచ్చు. షిండెన్‌కు అక్కడే ఉన్నది ముందు భాగం మాత్రమే. తోక వైపు పని చేసేటప్పుడు ఆ లోటు తెలుస్తుంది. మాస్కింగ్ అంటే బొత్తిగా ఓపిక లేనివాళ్లు మాత్రం షిండెన్‌తో మొదలుపెట్టండి.