హ్యాండ్ బ్రేక్ లేని కారుతో నాలుగేళ్లు

కారు కొన్న కొత్తలో మా మావయ్య పక్క సీట్లో కూర్చుని, గేరు వెనకాల చెయ్యి పెట్టి తడిమారు. "ఏటి బాబూ, దీనికి హ్యాండ్ బ్రేకే లేదేటి?" అన్నారు. లివర్ బదులు దీనికి ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉందని చిన్న స్విచ్ చూపించాను. "దీన్ని నమ్ముకునే కొండలెక్కుతావా?" అని మళ్లీ అడిగారు. శ్రీకాకుళం చుట్టుపక్కల 52 వేల కిలోమీటర్లు తిరిగాక ఆయనకి సగం జవాబు చెప్పగలను.

నమ్మొచ్చు. స్విచ్ పైకి లాగితే వెనక చక్రాల దగ్గరున్న చిన్న మోటార్లు జుయ్‌మంటూ తిరిగి ప్యాడ్లని డిస్కుకి బిగిస్తాయి. మర (స్క్రూ)తో బిగుసుకుంటాయి కాబట్టి కరెంటు పోయినా సడలవు. పాత కారులో లివర్ నేను లాగితే ఒక బిగువు, మా ఆవిడ లాగితే ఇంకో బిగువు. ఇక్కడ ఆ తేడా లేదు. విడిపించాలంటే ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి, బ్రేక్ మీద కాలుండాలి. పిల్లలు ఆడుతూ నొక్కినా ఏమీ కాదు.

నాకు టెన్షన్ పెట్టింది ఆటో హోల్డ్. ఏడు రోడ్ల జంక్షన్లో సిగ్నల్ దగ్గర కాలు తీసేసి కూర్చోవడం హాయే, అలవాటైతే వదలబుద్ధి కాదు. కానీ అది పార్కింగ్ బ్రేక్ కాదు, బ్రేక్ ఆయిల్ ఒత్తిడిని కాసేపు పట్టి ఉంచడం మాత్రమే. ఒక రథసప్తమికి అరసవల్లి రద్దీలో గేరు డి (డ్రైవ్)లో ఉండగానే బెల్టు తీసి దిగబోయాను. తలుపు తెరిచేసరికి కారు కీచుమని అరిచి తనే పార్కింగ్ బ్రేక్ వేసుకుంది. అన్ని మోడళ్లూ ఇలాగే చేస్తాయని అనుకోకండి, మాన్యువల్ చూడండి. ఆ రోజు నుంచి నా చేత్తో స్విచ్ లాగి, మీటర్లో ఎర్ర దీపం వెలిగాకే బెల్టు తీస్తున్నాను.

సీతంపేట కొండల్లో ఆపేటప్పుడు వరస ముఖ్యం. బ్రేక్ తొక్కి, గేరు ఎన్ (న్యూట్రల్)లో పెట్టి, స్విచ్ లాగి, మెల్లగా కాలు తీయాలి. బండి కదలకపోతే మళ్లీ బ్రేక్ తొక్కి గేరు పి (పార్క్)లోకి. ముందే పిలో పెట్టేస్తే బరువంతా గేరుబాక్సులోని చిన్న కొక్కెం మీద పడుతుంది. తర్వాత గేరు మార్చినప్పుడు టంగుమంటుంది. ఆ శబ్దం వింటే నా పళ్లు జివ్వుమంటాయి.

ఇంకో మాట మా ఆవిడకి నేర్పాను. నాకు కళ్లు తిరిగి కాలు పనిచేయకపోతే, పక్క సీట్లోంచి స్విచ్ లాగి అలాగే పట్టుకోమని. ఖాళీ రోడ్డు మీద 30 స్పీడులో ఒకసారి చేసి చూశాం. అలారం మోగిస్తూ, వంకర పోకుండా ఆగింది. వదిలేస్తే బ్రేకూ వదులుతుంది, అందుకే పట్టుకునే ఉండాలి.

కళింగపట్నంలో వాన రాత్రి బీచ్ దగ్గర పెట్టిన కారు పొద్దున్న కదలనంది. దీపం ఆరింది గానీ, ఉప్పుగాలికి ప్యాడ్లు డిస్కులకి అతుక్కున్నాయి. కాస్త యాక్సిలరేటర్ ఇచ్చేసరికి టక్కున ఊడాయి. ఇప్పుడక్కడ చదును నేల మీద పిలో పెట్టి, చక్రాలకి ఇటుకలు అడ్డం పెడుతున్నాను.

ప్యాడ్లు మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒక మెకానిక్ ప్యాడ్లని తోసే పిస్టన్‌ని క్లాంపుతో లోపలికి నొక్కబోతుంటే ఆపాను. ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టి మోటార్లని వెనక్కి తిప్పాలి. మా కారుకి అలా చేయాలంటే, కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ కావాలి.

మిగతా సగం జవాబు బ్యాటరీ. ఇరవై రోజులు ఊళ్లో లేము. తిరిగొచ్చేసరికి బ్యాటరీ చచ్చిపోయి ఉంది, వెనక చక్రాలు బిగుసుకుని ఉన్నాయి. నలుగురం తోసినా అంగుళం జరగలేదు. పక్కింటి కారు నుంచి కేబుళ్లు తగిలించి స్టార్ట్ చేస్తేగానీ బ్రేక్ వదల్లేదు. మావయ్య అరుగు మీద కూర్చుని అంతా చూశారు, ఒక్క మాట అనలేదు. సాయంత్రం బజారుకెళ్లి జంపర్ కేబుళ్లు కొని డిక్కీలో ఇటుకల పక్కన పడేశాను.